పాప ఎప్పుడొస్తుంది?

అమెరికాలో ఇల్లు సిద్ధం. ఇక్కడ శిశుగృహలో బిడ్డ ఉంది. మధ్యలో రెండు ప్రభుత్వాలు, ఒక అంతర్జాతీయ ఒప్పందం, కదలని ఫైళ్లు. సముద్రం దాటి వచ్చే బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న తెలుగు జంటల కథ ఇది.

ముందు ఫొటో వస్తుంది. దాని వెంట రెండు నివేదికలు. పాప ఎక్కడ దొరికింది, ఎలా ఉంటుంది, ఏం తింటుంది, ఎవరికి మాలిమి అయింది అన్నది చైల్డ్ స్టడీ రిపోర్టులో ఉంటుంది. రెండోది వైద్య నివేదిక: బరువు, ఎత్తు, తల చుట్టుకొలత, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి పరీక్షల ఫలితాలు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అర్ధరాత్రి దాటాక భార్యాభర్తలిద్దరూ ఆ కాగితాలను ఫోనులో పెద్దవి చేసుకుని మళ్లీ మళ్లీ చదువుతారు. బరువు ఎందుకు తక్కువుంది, తల కొలత ఆ వయసుకు సరిపోతుందా అని తెలిసిన పిల్లల డాక్టరును అడుగుతారు. ఫొటోలో పాప తొడుక్కున్న గౌను తనది కాదని చూడగానే తెలుస్తుంది. అది ఇంకెవరో పెద్దపిల్లది, ఒక భుజం మీంచి జారిపోతూ ఉంటుంది. ఆ భుజాన్ని చూసి సైజు ఊహించి బట్టలు కొంటారు. పాప ఇంటికొచ్చే నాటికి అవి పట్టవు.

అయినా ఫొటో దాకా వచ్చినవాళ్లు అదృష్టవంతులు. అంతకుముందు నడిచే కాలానికి ఏ ఆనవాలూ ఉండదు. కడుపుతో ఉన్న అమ్మాయికైతే నెలల లెక్క ఉంటుంది. సీమంతం ఎప్పుడో, పుట్టింటికి ఎప్పుడు తీసుకెళ్లాలో చుట్టాలందరికీ తెలుసు. దత్తతకు పేరు రాయించుకున్న ఇంట్లో అలాంటి లెక్కేదీ సాగదు. తెనాలి నుంచి అత్తగారు ఆదివారం పొద్దున ఫోన్ చేసి, "ఏమ్మా, ఏమన్నా కబురొచ్చిందా?" అంటుంది. "ఇంకా లేదత్తయ్యా" అంటుంది కోడలు. "వాళ్లనొకసారి గట్టిగా అడగరాదూ?" అంటుంది ఆవిడ. ఎవరిని అడగాలి? ఏజెన్సీ వాళ్లు ఢిల్లీ నుంచి రావాలంటారు. ఢిల్లీ వాళ్లు జిల్లా నుంచి రావాలంటారు. స్నేహితులు బేబీ షవర్ చేస్తామన్నప్పుడు ఏ తేదీ చెప్పాలో తెలియక ఏడుపొచ్చిందని ఒక తల్లి నాతో చెప్పింది. అప్పటికి ఆవిడ ఇంకా తల్లి కాలేదు. కానీ ఆవిడను వేరే మాటతో పిలవడం నాకు చేతకావడం లేదు.

రెండు తలుపుల మధ్య

మన దేశంలో దత్తత వ్యవహారాలు చూసేది కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ. అందరూ 'కారా' అంటారు. దీని పుట్టుక వెనక ఒక ఉత్తరం ఉంది. విదేశీ దత్తతల పేరుతో పిల్లలకు అన్యాయం జరుగుతోందని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు రాసిన లేఖనే కోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. 1984లో జస్టిస్ పీఎన్ భగవతి ఇచ్చిన తీర్పుతో విదేశీ దత్తతలకు తొలిసారి గట్టి నియమాలు వచ్చాయి. 1990లో కారా ఏర్పాటైంది. దత్తత కోసం దేశాలు కుదుర్చుకున్న 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని భారత్ 2003లో ఆమోదించింది. అమెరికాలో అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అమెరికాలో స్థిరపడిన జంట నేరుగా వచ్చి బిడ్డను తీసుకెళ్లడానికి వీల్లేదు. కారా గుర్తించిన అక్కడి ఏజెన్సీ ద్వారానే రావాలి. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి హోమ్ స్టడీ చేస్తారు. జీతం, అప్పులు, పోలీసు రికార్డు చూస్తారు. పొగ అలారం పనిచేస్తోందో లేదో చూస్తారు. చిన్నప్పుడు మీ నాన్న మిమ్మల్ని కొట్టేవాడా, మీ ఇద్దరికీ గొడవలైతే ముందు మాట్లాడేదెవరు అని కూడా అడుగుతారు. కన్నవాళ్లనెవరూ అడగని ప్రశ్నలివి. ఓపిగ్గా జవాబు చెప్పాల్సిందే. ఆ తర్వాత అమెరికా వలస శాఖ అనుమతి, కారా పోర్టల్‌లో నమోదు, బిడ్డ రిఫరల్, కారా నిరభ్యంతర పత్రం, దత్తత ఉత్తర్వు, పాస్‌పోర్టు, వీసా. ఉత్తర్వులు ఇదివరకు కోర్టులిచ్చేవి. 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టర్లు ఇస్తున్నారు. ఈలోగా కాగితాలకు వయసు మీరిపోతుంది. అమెరికా ఇచ్చే తొలి అనుమతి గడువు 15 నెలలే. అది దాటితే మళ్లీ వేలిముద్రలు, మళ్లీ హోమ్ స్టడీలో సవరణలు, మళ్లీ ఫీజులు.

మనవాళ్లను ప్రత్యేకంగా కష్టపెట్టే మెలిక ఒకటుంది. హెచ్-1బి వీసా మీద ఉన్న జంట చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటుంది కాబట్టి కారా వాళ్లను ఇక్కడివాళ్లతో సమానంగా వరుసలో నిలబెడుతుంది. కానీ హేగ్ దత్తత కోసం అమెరికాలో పెట్టాల్సిన ఐ-800ఎ దరఖాస్తు ఆ దేశ పౌరులకే పరిమితం. గ్రీన్‌కార్డు ఉన్నా కుదరదు. అలాంటివాళ్లు దత్తత తీసుకున్న బిడ్డను అమెరికా వలస చట్టం వాళ్ల సంతానంగా ఒప్పుకోవాలంటే, రెండేళ్లు ఆ బిడ్డ వాళ్ల చట్టబద్ధ సంరక్షణలో, వాళ్లతో కలిసి ఉండాలి. అంటే ఇద్దరిలో ఒకరైనా ఉద్యోగం మానుకుని ఇండియాలో ఉండాలి. అమెరికా పౌరసత్వం వచ్చి ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్లకు అక్కడి తలుపు తెరిచే ఉంటుంది. ఇక్కడ మాత్రం వాళ్లు వరుసలో వెనక్కి వెళ్తారు. బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటించాక 60 రోజుల్లో దేశంలోని జంటగానీ, ఎన్‌ఆర్‌ఐ జంటగానీ దొరకనప్పుడే ఆ బిడ్డను విదేశాలకు పంపవచ్చని బాల న్యాయ చట్టం 59వ సెక్షన్ చెబుతోంది.

అన్న బిడ్డనో చెల్లెలి బిడ్డనో దత్తహోమం చేసి, రిజిస్ట్రారాఫీసులో పత్రం రాయించుకుంటే పనైపోయిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హేగ్ ఒప్పందంలో ఉన్న దేశానికి తీసుకెళ్లాలంటే బంధువుల బిడ్డకైనా కారా అనుమతి కావాలి. ఈ సంగతి పంతులుగారు చెప్పరు, డాక్యుమెంట్ రైటరూ చెప్పడు.

ఈ నియమాలు ఊరికే రాలేదు

ఇంత జాగ్రత్త ఎందుకని ఎదురుచూసేవాళ్లకు కోపం వస్తుంది. దానికి జవాబు మన నేలమీదే ఉంది. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శిశువిక్రయాలు బయటపడ్డాయి. నల్లగొండ జిల్లా లంబాడా తండాల్లో మూడోసారో నాలుగోసారో ఆడపిల్ల పుట్టిన ఇళ్లకు దళారులు వచ్చేవారు. తల్లి చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని పసికందును హైదరాబాద్‌లోని దత్తత సంస్థలకు తీసుకొచ్చేవారు. విదేశీ దత్తత పేరుతో ఆ బిడ్డ మీద వేల డాలర్లు చేతులు మారేవి. సంగతి తెలిశాక ప్రభుత్వం ఆ సంస్థలను మూయించి, పిల్లల్ని తాను నడిపే యూసుఫ్‌గూడలోని శిశువిహార్‌కు తరలించింది. పేదరికం పేరుతో బిడ్డను అప్పగించడాన్ని నిషేధించింది. అప్పటికే ఫొటో చూసుకుని, పేరు పెట్టుకుని ఎదురుచూస్తున్న విదేశీ జంటలు మధ్యలో నిలిచిపోయారు. వాళ్లలో చాలామందికి ఆ తండాల సంగతి తెలియనే తెలియదు.

ఇది మన ఒక్కరి కథే కాదు. గ్వాటెమాలా 2008లో, రష్యా అమెరికన్లకు 2013లో, ఇథియోపియా 2018లో తలుపులు వేశాయి. 1992 నుంచి లక్షన్నరకు పైగా పిల్లల్ని విదేశాలకు పంపిన చైనా 2024 సెప్టెంబరులో ఇక చాలంది. కోవిడ్‌కు ముందే బిడ్డతో జత కుదిరి, ఎప్పుడు పంపుతారా అని చూస్తున్న వందల అమెరికా కుటుంబాలకు అదే చివరి కబురు. 2004లో అమెరికాకు దాదాపు 23 వేల మంది పిల్లలు దత్తత మీద వెళ్తే 2023లో వెళ్లినవాళ్లు 1,275 మంది. చాలా దేశాల్లో కారణం ఒకటే: కన్నతల్లి అంగీకారం నిజంగా అంగీకారమేనా అన్న ప్రశ్నకు కాగితాల్లో జవాబు దొరకలేదు.

అందుకే కన్నతల్లికి చట్టం ఇచ్చే 60 రోజుల గురించి ఎవరైనా విసుక్కుంటే నేను ఒప్పుకోను. బిడ్డను అప్పగించాక మనసు మార్చుకునేందుకు ఆమెకున్న గడువు అది. ఆ రెండు నెలలు ఆమెవి. అవి ఎదురుచూసే జంటవి కావు, అధికారులవీ కావు. ఎక్కడో బస్టాండులోనో ఆస్పత్రి వరండాలోనో దొరికిన బిడ్డ విషయంలోనూ అంతే. పోలీసులు తల్లిదండ్రుల కోసం వెతకాలి, పేపర్లో ప్రకటన వేయాలి, ఆచూకీ లేదని నివేదిక ఇవ్వాలి. అప్పుడే బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటించాలి. రెండేళ్లలోపు బిడ్డకైతే రెండు నెలల్లో, పెద్దపిల్లలకైతే నాలుగు నెలల్లో ఇది పూర్తికావాలని చట్టం.

ఆ గడువు దాటాక పోయే ప్రతి నెలా మాత్రం బిడ్డ దగ్గర దొంగిలించిందే. 2022 ఆగస్టులో సుశీల్ కుమార్ మోదీ అధ్యక్షతన పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదివితే కడుపు తరుక్కుపోతుంది. 2021 డిసెంబరు నాటికి దత్తత కోసం నమోదై ఉన్నవాళ్లు 27,939 మంది. సంరక్షణ కేంద్రాల్లో దత్తతకు ఇవ్వదగిన పిల్లలు 6,996 మంది. వాళ్లలో చట్టపరంగా అర్హత ప్రకటన అయినవాళ్లు 2,430 మందే. మిగతావాళ్లంతా ఏదో ఒక సంతకం కోసం ఆగిపోయినవాళ్లు. 2022-23లో దేశంలోపల 3,010 మంది, విదేశాలకు 431 మంది పిల్లలు దత్తత వెళ్లారు. రెండూ కలిపినా వరుసలో నిల్చున్నవాళ్లలో ఎనిమిదో వంతు కూడా కాదు. ఏడాది వయసులో ఒళ్లో చేరాల్సిన పాప మూడేళ్లకు చేరితే, ఆ రెండేళ్ల ముద్దుమాటలు ఎవరూ వినలేదన్నమాట.

ఓపిక నశించినవాళ్లను పట్టుకునేందుకు దళారులు ఇప్పటికీ కాచుకునే ఉన్నారు. 2024 మే నెలలో రాచకొండ పోలీసులు మేడిపల్లిలో పట్టుకున్న ముఠా ఢిల్లీ, పుణెల నుంచి పసిపిల్లల్ని తెచ్చి ఇక్కడ అమ్మింది. కొన్న ఇళ్ల నుంచి పిల్లల్ని తీసుకెళ్లి శిశువిహార్‌లో చేర్చారు. ఆ తల్లులు గుండెలు బాదుకుని ఏడ్చారు. వాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ డబ్బిచ్చి తెచ్చుకున్న బిడ్డ వెనక ఎక్కడో ఇంకో తల్లి ఉంది.

విదేశాలకు వెళ్లేది ఎవరు?

చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. విదేశాలకు వెళ్లే పిల్లల్లో ఎక్కువమంది మన జంటలు వద్దనుకున్నవాళ్లే. కొంచెం పెద్దపిల్లలు, విడదీయకూడని అక్కాచెల్లెళ్లు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్లు, చెవులు సరిగా వినపడనివాళ్లు. మనం ఆరోగ్యంగా ఉన్న, ఊహ తెలియని పసిపాపే కావాలంటాం. అందుకే ఆ వరుస అంత పొడవు. ఆరేళ్ల పిల్ల పక్కన నిలబడి చూస్తుంటే ఆమెను దాటుకుని ఊయల దగ్గరికి వెళ్తాం.

విదేశాల్లోని తెలుగు జంటలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆరేళ్లు శిశుగృహలో తెలుగు తప్ప మరో మాట వినని పిల్ల విమానం దిగి ఒక అమెరికన్ ఇంటికి వెళ్తే, ఆకలేస్తోందని చెప్పడానికి కూడా సైగలే దిక్కు. ఆ ఇంటివాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, మొదటి రాత్రి పీడకలొచ్చి ఆ పిల్ల ఏం కలవరించిందో వాళ్లకు అర్థం కాదు. మీకు అర్థమవుతుంది. పెరుగన్నం కలిపి ముద్ద నోటికందించడం మీకు తెలుసు. నమోదు పత్రంలో వయసు గడి దగ్గర రెండేళ్లలోపు అని రాసేముందు ఒక్క రాత్రి ఆలోచించండి. ఆరోగ్య నివేదికలో ఒక జబ్బు పేరు కనబడగానే వెనక్కి పంపకుండా, దానికి చికిత్స ఉందేమో మీ ఊరి డాక్టరును కనుక్కోండి.

ఊళ్లో ఉన్నవాళ్లకు మరో మాట. బిడ్డను పెంచలేని స్థితిలో ఉన్న అమ్మాయి మీ వీధిలోనో మీ ఆస్పత్రిలోనో కనబడితే, నర్సు చేతికో తెలిసినవాళ్ల చేతికో ఆ బిడ్డను ఇప్పించకండి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఆమెను బాలల సంక్షేమ సమితి దగ్గరికి మీరే తోడుగా తీసుకెళ్లండి. అప్పగించాక మనసు మారితే 60 రోజుల్లో బిడ్డను వెనక్కి తీసుకోవచ్చని ఆమెకు అక్కడే, అధికారుల ముందే చెప్పండి. ఇక కలెక్టర్లు వచ్చే సోమవారం తమ జిల్లా శిశుగృహ రిజిస్టరు తెప్పించుకుని, గడువు దాటినా ఉత్తర్వు అందని పిల్లలు ఎందరున్నారో లెక్క అడగాలి. సంతకం పెట్టే అధికారం ఇప్పుడు వాళ్లదే.