ఆటలాడు ఆడుపిల్లకు వకాల్తా

తెల్లవారకమునుపే కూతుండ్రకు బాడ్మింటను నేర్పింప గొనిపోవు తల్లులు మా బాగ్ లింగంపల్లిలోను గలరు. ఆట గురువు నేర్పును. పేరు వచ్చిన పిదప వ్యాపారులతో బేరమాడువా రెవ్వరు?

మన హైదరాబాదు బిడ్డ పి. వి. సింధు 2016లో రియో ఒలింపిక్సున రజతము గెలిచిన పిమ్మట బేస్‌లైన్ వెంచర్స్ అను సంస్థ ఆమె పక్షమున ఒడంబడికలు నడపినది. 2021లో ఆమె టోక్యోలో కాంస్యము గెలువగా, కొన్ని వర్తకసంస్థలు అభినందనల నెపమున ఆమె చిత్రమును తమ ప్రకటనలలో వేసికొన్నవి. సొమ్మొకరిది, సోకొకరిది! ప్రతినిధిసంస్థ వారికి నోటీసు లంపినది. ఆటలో మునిగిన పిల్ల యీ రచ్చకు పోగలదా?

ఆ జపానులోనే బేస్‌బాలు అను బంతియాట నాడి జీతము గొనువారికి విచిత్రనియమ ముండెడిది: ప్రతినిధి వకీలే కావలెను, ఒక వకీలు ఒక్క ఆటగానికే. నమ్మకమునకు మేలని తోచును గాని మాకు సరిపడదు. చిక్కడపల్లి బజారులో ఒక్క అంగడియే చూచినవారికి వంకాయల ధర యేమి తెలియును? వ్యాపారపు పోటీని కాపాడు అధికారులు తప్పుపట్టగా 2024లో ఆ నియమము తొలగినది.

ఇచ్చట ప్రతినిధి వకీలే కానక్కరలేదు. కావున ఒప్పందమెన్నేండ్లు, వచ్చిన సొమ్ములో వారి పాలెంత, పిల్ల గాయపడి ఆడలేని యేటి మాట యేమి అని అడిగి వ్రాయించుకొనవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలిక చేసిన యొడంబడిక చట్టమున చెల్లదు గనుక, ఆ కాగితముపై వ్రాలు చేయవలసినది తలిదండ్రులే.