విశ్వవిద్యాలయములలో లైంగిక వేధింపుల నివారణ: గడువు సమస్య

విద్యాలయములలోని లైంగికహింసను గూర్చి మనదేశమున నేడు అమలులోనున్న విధానము విద్యాలయములను ఉద్దేశించి పుట్టినది కాదు. 1992లో రాజస్థానమున బాల్యవివాహములను మాన్ప యత్నించిన ఒక గ్రామసేవికపై సామూహిక అత్యాచారము జరిగినది. తదనంతరము స్త్రీసంఘములు వేసిన వ్యాజ్యములో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ తీర్పు నిచ్చినది. (విశాఖ యనునది ఆ సంఘములలో నొకదాని పేరు, మన నగరముతో దీనికి సంబంధము లేదు.) 2013 నాటి చట్టమునకు ఆ తీర్పే మూలము. ఆ చట్టము పేరులోనే 'పనిచేయు స్థలము' అను మాట గలదు. విద్యాసంస్థయు అట్టి స్థలములలో నొకటిగా అందు చేరినది. కాని విద్యార్థిని ఉద్యోగిని కాదు.

ఈ కొఱతను తీర్చుటకు యు.జి.సి. 2015 నిబంధనలు వచ్చినవి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదులందు విచారణసంఘమున ఎన్నికైన ముగ్గురు విద్యార్థులుండవలెను. ఉపకులపతి, రిజిస్ట్రారు, శాఖాధ్యక్షుడు సభ్యులు కారాదు. విచారణకాలమున ఆరోపణకు గురియైన అధ్యాపకుడు ఫిర్యాదుదారు పరీక్షలను, కృషిని మూల్యాంకనము చేయకుండ నిలుపు అధికారము సంస్థకు గలదు. నిబంధనలన్నిటిలో విద్యాలయస్వభావము నెఱిగి వ్రాసినది ఇదియే యని నా అభిప్రాయము.

అయినను గడువు మాత్రము పాతదే. సంఘటన జరిగిన మూడునెలలలో ఫిర్యాదు చేయవలెను. తగిన కారణమున్నచో మరి మూడునెలలు పొడిగింపవచ్చును. పరిశోధనమో, ఏండ్ల తరబడి సాగునది. ప్రగతినివేదికపై సంతకము, ఉపకారవేతనము, సిద్ధాంతగ్రంథ సమర్పణము పర్యవేక్షకుని చేతిలోనుండును. 2022 పిహెచ్.డి. నిబంధనలలోని పరిశోధన సలహాసంఘమునకు సమావేశకర్తయు ఆయనయే. ఆరునెలలలో నోరు విప్పుమనుట, పట్టమును పణముగా పెట్టుమనుటయే యగును. ఉపకులపతిపై ఒక అధ్యాపకురాలు చేసిన ఫిర్యాదు కాలాతీతమైనదని 2025లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఆ తీర్పును ఆయన వృత్తివివరణపత్రమున చేర్చవలెననియు ఆదేశించినది. అధ్యాపకురాలికే గడువు అడ్డమైనచో విద్యార్థిని మాట చెప్పవలెనా?

పోలీసు ఫిర్యాదునకు ఈ మూడునెలల నియమము వర్తింపదనుట నిజమే. ఆలస్యమైనకొలది సాక్ష్యము బలహీనమై, నిందితునకు సమాధానము చెప్పుకొనుట కష్టమగునను వాదమును త్రోసివేయరానిది. అయినను పర్యవేక్షణబంధము ముగిసిన నాటినుండి గడువును లెక్కించుట అన్యాయము కాజాలదు. అంతకుముందే సంస్థ చేయదగిన పని యొకటి కలదు: ప్రవేశసమయముననే రెండవ పర్యవేక్షకుని నిర్ణయించుట. శాసనములకో, ఛందస్సునకో ఒక్కరే నిపుణులున్న చిన్న శాఖలలో ఇది సులభము కాదు. అచ్చట ఇతర విశ్వవిద్యాలయమునుండి యొకరిని ముందుగనే కోరి యుంచవలసియుండును.