మన దుప్పటి వెనుక టెండరు కథ



మేము ఎనిమిదో తరగతి చదివిన ఏడాది దుప్పట్లు సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చాయి. చలికాలమంతా ఇద్దరేసి ఒక పాత దుప్పటిలో ముడుచుకొని పడుకున్నాం. "దుప్పట్లు ఎప్పుడొస్తాయి సార్?" అని అడిగినప్పుడల్లా వార్డెన్ సారు "టెండరు కాలేదురా" అనేవారు. టెండరు అంటే ఏదో ఊరి పేరనీ, అక్కడి నుంచి లారీ రావాలనీ మాలో ఒకడు చెబితే చాలా రోజులు అదే నిజమనుకున్నాం. చివరికి వచ్చిన దుప్పట్లు కూడా రెండు ఉతుకులకే జల్లెడలా తయారయ్యాయి.

ఇప్పుడు మాలో కొందరం ప్రభుత్వ ఆఫీసుల్లో కూర్చొని ఇండెంట్లు రాస్తున్నాం. కొందరం చిన్న వ్యాపారాలు పెట్టుకొని టెండర్లు వేస్తున్నాం. ఆనాడు అర్థం కాని ఆ మాట ఇప్పుడు అర్థమైంది. మనం తిన్న అన్నం, కప్పుకున్న దుప్పటి, రాసుకున్న నోటు పుస్తకం అన్నీ ప్రభుత్వం కొన్నవే. ఆ కొనుగోలు ఎలా జరుగుతుందో, ఎక్కడ సరిగా జరుగుతుందో, ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవలసిన అవసరం మనకంటే ఎవరికి ఎక్కువ?

ఇంటి కొనుగోలు - సర్కారు కొనుగోలు

మన నాన్నలు తెలిసిన కొట్లో బియ్యం అప్పు తెస్తారు. ధర రెండు రూపాయలు ఎక్కువైనా మనవాడని ఊరుకుంటారు. అది వాళ్ళ సొమ్ము, వాళ్ళ ఇష్టం. ప్రభుత్వానికి ఆ వీలు లేదు. ఖర్చుపెట్టేది ప్రజల పన్నుల సొమ్ము. అందుకే కొనే అధికారి మూడు విషయాలకు జవాబు చెప్పగలగాలి. అవసరమైన వస్తువే కొన్నామా? నాణ్యతకు తగిన ధరే ఇచ్చామా? అమ్మదలచిన వారందరికీ సమానంగా అవకాశం ఇచ్చామా? మనం చూసే ఫారాలూ, సంతకాలూ, రిజిస్టర్లూ ఈ మూడు ప్రశ్నల కోసం పుట్టినవే.

రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం చేసుకునే ఒప్పందాలు గవర్నరు పేరు మీద, కేంద్రం చేసుకునేవి రాష్ట్రపతి పేరు మీద జరుగుతాయి. సంతకం పెట్టే ఆఫీసరు తన తరఫున కాక ప్రభుత్వం తరఫున పెడతాడు. కాబట్టి "నా ఇష్టం" అనే మాటకు అక్కడ చోటు లేదు.

మొదటి మెట్టు: ఏం కావాలి, ఎన్ని కావాలి?

కొనుగోలు టెండరుతో మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి ఇండెంటుతో మొదలవుతుంది. హాస్టల్లో ఎందరున్నారు, స్టాకులో ఎన్ని మిగిలాయి, ఇంకా ఎన్ని కావాలి అని లెక్క రాసి పైకి పంపాలి. ఆ ఖర్చుకు బడ్జెటు ఉండాలి, మంజూరు కావాలి.

తరువాత వస్తువు వివరం రాయాలి. ఇక్కడే సగం పని ఉంది. "మంచి దుప్పటి" అని రాస్తే ఏ దుప్పటి తెచ్చినా కాదనలేం. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత బరువు, ఏ నూలు, ఉతికితే రంగు పోకూడదా అన్నది ముందే రాయాలి. స్టీలు పళ్ళెమైతే మందం రాయాలి. కందిపప్పు అయితే రాళ్ళూ, తవుడూ, పురుగూ ఎంతకు మించకూడదో రాయాలి. రాయని గుణాన్ని తరువాత అడగడం కొన్నవాడికి కష్టమవుతుంది. రెండు ఉతుకులకే జల్లెడైన మా దుప్పటికి కారణం అమ్మినవాడి మోసమా, రాసినవాడి అశ్రద్ధా అన్నది మాకు ఈనాటికీ తెలియదు. ఏదైనా కావచ్చు.

ఎంత సొమ్ముకు ఏ పద్ధతి?

నాలుగు చీపుర్లు కొనడానికి పేపర్లో ప్రకటన వేస్తే ప్రకటన ఖర్చు చీపుర్ల ధరను మించిపోతుంది. అందుకే సొమ్మును బట్టి పద్ధతి మారుతుంది. కేంద్ర ప్రభుత్వానికి సాధారణ ఆర్థిక నియమావళి ఉంది. అది 2017లో కొత్తగా వచ్చినప్పుడు 25 వేల రూపాయల వరకు కొటేషన్లు లేకుండా నేరుగా కొనవచ్చని చెప్పింది. అక్కడి నుంచి రెండున్నర లక్షల వరకు ముగ్గురు సభ్యుల సంఘం బజారులో ధర, నాణ్యత విచారించి కొనవచ్చంది. ఆపైన టెండర్లు. ఈ పరిమితులు అప్పుడప్పుడు మారుతుంటాయి. రాష్ట్రాలకు వాటి సొంత నియమాలు, జీవోలు ఉంటాయి. మెట్ల వరుస మాత్రం అంతటా దాదాపు ఒకటే. చిన్న కొనుగోలుకు నేరుగా, కొంచెం పెద్దదానికి కొటేషన్లు, పెద్దదానికి బహిరంగ టెండరు.

ఇక్కడ ఒక దొంగదారి ఉంది. లక్ష రూపాయల సామాను ఒకేసారి కొంటే పై పద్ధతికి వెళ్ళాలి కాబట్టి దాన్ని 20 వేల చొప్పున అయిదు బిల్లులు చేయడం. కావాలని ఇలా ముక్కలు చేయడాన్ని నియమాలు ఒప్పుకోవు. ఒకే వారంలో, ఒకే కొట్టు నుంచి, ఒకే వస్తువుకు పరిమితికి కాస్త తక్కువగా వరసగా బిల్లులు కనబడితే ఆడిట్ వాళ్ళు ముందుగా వాటి మీదే వేలు పెడతారు.

టెండరు లేకుండా ఒకరి దగ్గరే తీసుకొనే పద్ధతి కూడా ఉంది. దాన్నే నామినేషన్ అంటారు. ఆ వస్తువు ఒక్కరే తయారు చేస్తున్నప్పుడు, తుఫాను, వరద లాంటి అత్యవసరం వచ్చినప్పుడు, కారణం రాతపూర్వకంగా పెట్టి కొనవచ్చు. ప్రభుత్వం ఒక వర్గానికి బతుకుతెరువు చూపాలనుకున్నప్పుడు కూడా ఇలాంటి ఏర్పాట్లు చేస్తుంది. చేనేత సహకార సంస్థ ఆప్కో నుంచి బట్ట తీసుకోవడం, గిరిజన హాస్టళ్ళకు గిరిజన సహకార సంస్థ సరుకులు ఇవ్వడం అలాంటివే. మన పళ్ళెంలోని అన్నం మాట వేరు. ఆ బియ్యం పౌర సరఫరాల శాఖ ద్వారా వస్తుంది.

టెండరు నడక

బహిరంగ టెండరులో ముందు ప్రకటన వస్తుంది. ఏ వస్తువు, ఎన్ని, ఎక్కడికి చేర్చాలి, ఎప్పటిలోగా, ఎవరు అర్హులు అన్నది అందులో ఉంటుంది. కేంద్ర నియమాల ప్రకారం టెండరు వేయడానికి మామూలుగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలి. "రేపు సాయంత్రంలోగా" అంటే ఆ కబురు ముందే తెలిసినవాడు తప్ప ఇంకెవ్వరూ వేయలేరు.

టెండరు వేసేవారు ధరావతు కట్టాలి. కొనుగోలు అంచనా విలువలో 2 నుంచి 5 శాతం వరకు ఇది ఉంటుంది. టెండరు గెలిచి "నాకు గిట్టదు" అని పారిపోకుండా ఇది పగ్గం. గెలవని వారికి తిరిగి ఇచ్చేస్తారు.

పెద్ద కొనుగోళ్ళలో రెండు కవర్లు ఉంటాయి. మొదటిదానిలో అర్హతలు, నమూనా, పత్రాలు. రెండోదానిలో ధర. మొదటి కవరులో నెగ్గినవారి రెండో కవరు మాత్రమే తెరుస్తారు. ఊహకు ఒక ఉదాహరణ చూద్దాం. నలుగురు దుప్పట్లకు టెండరు వేశారు. ఒక్కో దుప్పటికి మొదటివాడు 310 రూపాయలు, రెండోవాడు 285, మూడోవాడు 240, నాలుగోవాడు 295 రాశారు. మూడోవాడి నమూనా బరువు రాసిన దానికంటే తక్కువ తూగింది. అతని ధర కవరు అసలు తెరవరు. మిగిలిన ముగ్గురిలో తక్కువ చెప్పిన 285 రూపాయలవాడు గెలుస్తాడు. ఇతన్నే ఆఫీసు భాషలో ఎల్-1 అంటారు. "తక్కువ ధరవాడికే ఇస్తారు, అందుకే నాసిరకం వస్తుంది" అని అందరూ అంటారు. అది సగం నిజం. నియమం చెప్పేది అర్హత నెగ్గినవారిలో తక్కువ ధరవాడని. మొదటి కవరును కళ్ళు మూసుకొని దాటిస్తే మాత్రం 240 రూపాయల దుప్పటే మన భుజాల మీదికి వస్తుంది.

మరి సంతలోలా బేరం ఆడవచ్చా? సాధారణంగా కూడదు. తప్పనిసరైతే ఎల్-1తో మాత్రమే మాట్లాడాలని కేంద్ర విజిలెన్స్ కమిషన్ చెబుతోంది. అందరితో చాటుగా బేరాలు మొదలైతే సీలు వేసిన కవరుకు విలువ ఏముంది?

పూర్వం టెండరు పెట్టె ఆఫీసు వరండాలో ఉండేది. కొత్తవాళ్ళు కవరు వేయకుండా పెట్టె దగ్గర మనుషులు కాపలా కాసిన సంగతులు పెద్దలు చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2003లో కంప్యూటరు ద్వారా టెండర్లు వేసే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. దేశంలో ఈ పని ముందుగా చేపట్టిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. దానితో పెట్టె దగ్గర కాపలా పోయింది. టెండరు వేసేవాళ్ళు ముందే కూడబలుక్కొని ధరలు రాయడం మాత్రం కంప్యూటరుతో పూర్తిగా పోదు. అందుకు మనిషి కన్నే కావాలి.

ఒక హోటలు, ఒక తీర్పు

బొంబాయి విమానాశ్రయంలో హోటలు, చిరుతిళ్ళ దుకాణాలు నడపడానికి టెండరు పిలిచారు. కనీసం అయిదేళ్ళ అనుభవం ఉన్న రిజిస్టర్డ్ రెండో తరగతి హోటలు యజమానే అర్హుడని షరతు పెట్టారు. ఆ అర్హత లేకున్నా ఎక్కువ సొమ్ము ఇస్తానన్నవారికి దాన్ని కట్టబెట్టారు. ఈ కేసులో 1979లో జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. ప్రభుత్వం తాను పెట్టిన షరతుకు తానే కట్టుబడాలని, తనకు తోచినట్టు ఇవ్వడం 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టుకు ఆలస్యంగా రావడం వంటి కారణాల వల్ల ఆ కాంట్రాక్టును మాత్రం రద్దు చేయలేదు. ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. షరతు అందరికీ ఒకటే. అడగవలసింది సకాలంలో అడగాలి.

లారీ దిగిన తరువాత

టెండరులో నెగ్గిన దుప్పటి వేరు, లారీ నుంచి దిగిన దుప్పటి వేరు కావచ్చు. అందుకే సరుకు రాగానే లెక్కపెట్టాలి, తూచాలి, ఒప్పుకున్న నమూనాతో పోల్చాలి, సరిపోతేనే స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. సప్లై ఆర్డరు, స్టాకు రిజిస్టరు, బిల్లు - మూడింటిలోనూ ఒకే లెక్క ఉంటేనే ట్రెజరీకి వెళ్ళాలి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మెస్ కమిటీ పేరుతో మా చేత సంతకాలు చేయించేవారు. కందిపప్పు బస్తా ఎంత తూగిందో మేము ఏనాడూ చూడలేదు. ఆటకు ఆలస్యమవుతోందని వరసగా సంతకాలు గీకి పరుగెత్తేవాళ్ళం. సాయంత్రం సాంబారులో పప్పు వెతుక్కొని నవ్వుకునేవాళ్ళం, కామాటి మీద విసుక్కునేవాళ్ళం. ఆ పప్పు వచ్చిందని రాసి ఇచ్చింది మేమేనని అప్పుడు తట్టలేదు. తమ్ముళ్ళారా, సంతకం అంటే సాక్ష్యం. కాటా మీద ముల్లు చూసిన తరువాతే కలం పట్టండి.

అమ్మినవాడి కష్టం కూడా చెప్పాలి. బిల్లు నెలల తరబడి రాకపోతే కూరగాయల కొట్టువాడు ధర పెంచుతాడు, లేదా రకం తగ్గిస్తాడు. చిన్న పరిశ్రమల నుంచి కొన్నవారు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లోగా సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యం చేసిన బిల్లు కూడా చివరికి మన పళ్ళెంలోనే తేలుతుంది.

అడిగే హక్కు

సమాచార హక్కు చట్టం, 2005 వచ్చాక టెండరు ఫైలు రహస్యం కాదు. సప్లై ఆర్డరు, స్టాకు రిజిస్టరు, బిల్లుల నకళ్ళు పౌరులు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు రుసుము మామూలుగా 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. ఈ చట్టం 2(జె) సెక్షను ప్రకారం కాగితాలే కాదు, వస్తువుల నమూనా కూడా తీసుకోవచ్చు. అంటే ఆ దుప్పటి ముక్కను కూడా అడగవచ్చు. మేము చదివిన రోజుల్లో ఈ చట్టం లేదు. మీకు ఉంది.

మనమూ అమ్మవచ్చు

ఇన్నాళ్ళూ మనం పళ్ళెం పట్టుకొని వరసలో నిలబడ్డాం. అమ్మేవారి వరసలో కూడా మనకు చోటు ఉంది. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ళ విధానం ప్రకారం కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో కొంత భాగం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. 20 శాతంతో మొదలైన ఆ భాగం 2018లో 25 శాతమైంది. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల పరిశ్రమల నుంచి, 3 శాతం మహిళల పరిశ్రమల నుంచి కొనాలి. వీరికి టెండరు పత్రాల రుసుము, ధరావతు మినహాయింపు ఉంది. వీరి ధర ఎల్-1 కంటే 15 శాతం లోపు ఎక్కువగా ఉన్నప్పుడు, ఎల్-1 ధరకు దిగివస్తే కొంత భాగం సరఫరా చేసే అవకాశం కూడా ఉంది. 2016లో జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ మొదలైంది. అదే ఏడాది మొదలైన జెమ్ అనే ప్రభుత్వ అంగడిలో కంప్యూటరు ద్వారా పేరు నమోదు చేసుకొని ఊళ్ళో నుంచే అమ్మవచ్చు.

ఆ 4 శాతం చాలా ఏళ్ళు నిండలేదు. అమ్మేవాళ్ళకు దారి తెలియకపోవడం అందుకు ఒక కారణం. పుస్తకాలు కుట్టగలిగినవాళ్ళు, బట్టలు కుట్టగలిగినవాళ్ళు, కంప్యూటర్లు బాగుచేయగలిగినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఉద్యోగం ఒక్కటే గమ్యం కానక్కర్లేదు.

మళ్ళీ దుప్పటి దగ్గరికి

ఇప్పుడు మా ఎనిమిదో తరగతి చలికాలం లెక్క వేసుకుంటే ఇలా ఉంది. ప్రకటనకు మూడు వారాలు. నమూనాలు చూసి ధరలు తేల్చడానికి రెండు, మూడు వారాలు. ఆర్డరిచ్చాక సరుకు రావడానికి నెల. మంజూరుకు పట్టే రోజులు అదనం. అంటే మూడు నెలల పని. అక్టోబరులో ఇండెంటు వెళితే దుప్పటి సంక్రాంతి తరువాతే వస్తుంది. జూన్‌లో హాస్టలు తెరిచిన రోజే వెళితే దసరాకు ముందే వస్తుంది. పద్ధతి వల్ల ఆలస్యమైందని ఆనాడు అనుకున్నాం. పద్ధతిని ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల ఆలస్యమైందని ఈనాడు తెలిసింది.

ఇండెంట్లు రాసే కుర్చీల్లో ఇప్పుడు మనవాళ్ళు ఉన్నారు. రేపు మీలో ఎందరో కూర్చుంటారు. జూన్ నెలలో ఆ కాగితం ముందుకు వచ్చినప్పుడు ఒక్క దుప్పటిలో ముడుచుకున్న ఇద్దరు పిల్లల్ని తలుచుకోండి. ఆ రోజే సంతకం పెట్టి పంపండి.