గంట దర్శనానికి అడవంతా నడక

ఒక కాలు బురదలో దిగబడుతుంది. రెండోది తీగల్లో చిక్కుకుంటుంది. ఊతం కోసం చెయ్యి చాస్తే దురదగొండిలాంటి ఆకు చురుక్కుమంటుంది. అయినా నడుస్తూనే ఉంటారు... కొండ గొరిల్లాను కళ్లారా చూడాలని! ఆఫ్రికాలోని ఉగాండా దేశం, నైరుతి మూలన ఉన్న బ్విండి వానల అడవిలో కనిపించే దృశ్యమిది.

గొరిల్లా, చింపాంజీ లాంటి తోకలేని పెద్ద వానరాలు మన అడవుల్లో లేవు. ఈశాన్య రాష్ట్రాల్లోని హూలాక్ గిబ్బన్ వాటికి చిన్న చుట్టం మాత్రమే. కొండ గొరిల్లాలైతే మరీ అరుదు. బ్విండి అడవి, ఉగాండా-రువాండా-కాంగో కలిసేచోట ఉన్న విరుంగా అగ్నిపర్వతాలు... ఈ రెండుచోట్లే వాటి నివాసం. 2018, 2019ల్లో వెల్లడైన లెక్కల ప్రకారం మొత్తం 1,063. జూలో చూద్దామన్నా దొరకవు.

జాడ తీసేది వాళ్లే

గొరిల్లాలు ఏ రాత్రికారాత్రి కొత్తగా పడక అల్లుకుంటాయి. తెల్లవారగానే జాడగాళ్లు నిన్న వాటిని చూసిన చోటికి వెళ్తారు. పడకలు, విరిగిన కొమ్మలు, పేడ చూసుకుంటూ మందను పట్టుకుని, వైర్‌లెస్‌లో గైడుకు కబురు చెబుతారు. అదృష్టం బాగుంటే అరగంటలో పనైపోతుంది. లేదంటే సాయంత్రమే!

ఎనిమిది మందికే

ఒక మంద దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతారు. చూసేది గంటసేపే. 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం లేదు. దూరంగా నిలబడాలి, మాస్కు కట్టుకోవాలి. వెన్ను నెరిసిన పెద్ద మగది మీదికొచ్చినట్టు అనిపించినా పరుగెత్తకూడదు. జలుబు చేసినవాళ్లను అసలు రానివ్వరు.

ఇంత కట్టడి ఎందుకంటే... మన జన్యువులకు, వాటి జన్యువులకు సుమారు 98 శాతం పోలిక. మన జలుబే వాటి ప్రాణం తీయొచ్చు. 1996లో బ్విండి గొరిల్లాలకు గజ్జి సోకి ఒక పిల్ల చనిపోయింది. ఊళ్లలోని మనుషుల నుంచే అంటుకుని ఉంటుందని తేల్చారు. అప్పుడు వైద్యం చేసిన పశువైద్యురాలు గ్లాడిస్ కలెమా జికుసోకా, అడవి చుట్టూ ఉన్నవాళ్ల ఆరోగ్యం బాగుంటేనే గొరిల్లాలు బతుకుతాయని 2003లో ఓ సంస్థ పెట్టారు.

ఖర్చు తక్కువేం కాదు

విదేశీయులకు పర్మిట్ ఉగాండాలో 2024 జులై నుంచి 800 డాలర్లు. రువాండాలో 2017 నుంచి 1,500 డాలర్లు. ప్రయాణం, బస అదనం. జూన్-ఆగస్టు, డిసెంబరు-ఫిబ్రవరి నెలల్లో వానలు కాస్త తక్కువ. పసుపు జ్వరం టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో పెట్టే వీలుంది.

అడవి బిడ్డల మాటేమిటి?

పర్మిట్ సొమ్ములో కొంత చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంది. మూటలు మోసేవాళ్లకు కూలి దొరుకుతుంది. ఆ రాబడి ఆగితే అడవికీ ముప్పే. కరోనాతో పర్యాటకులు లేని 2020 జూన్‌లో, చిన్న జంతువుల వేటకు వచ్చిన ఒకరి ఈటెకు రఫీకి అనే పేరున్న మగ గొరిల్లా బలైంది. అతనికి 11 ఏళ్ల జైలు పడింది.

అయితే ఈ కథలో నష్టపోయినవాళ్లూ ఉన్నారు. 1991లో బ్విండిని జాతీయ పార్కు చేసినప్పుడు, తరతరాలుగా అక్కడ తేనె తీసి, వేటాడి బతికిన బట్వాలను బయటికి పంపారు. చాలామందికి సెంటు భూమి కూడా ఇవ్వలేదు. వాళ్లకు అన్యాయం జరిగిందని 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానమే చెప్పింది. గొరిల్లాల లెక్క పెరిగింది, సంతోషమే. ఆ అడవిని కన్నతల్లిగా చూసుకున్నవాళ్ల లెక్క కూడా తేలితేనే ఆ సంతోషం నిండుతుంది.