వెనక ఇరుసు దగ్గరి ఆ దిమ్మ ఏమిటి?

ఫియట్ డుకాటో చాసిస్ మీద కట్టిన పాత మోటార్ హోమ్ కిందికి దూరి చూస్తే, వెనక ఇరుసుకు కాస్త ముందు పిడికిలంత లోహపు దిమ్మ కనిపించవచ్చు. సన్నటి బ్రేక్ పైపులు అందులోకి వెళ్లి మళ్లీ బయటికి వస్తాయి. దాని నుంచి ఒక కడ్డీ, కొన్నిటిలో స్ప్రింగు, ఇరుసు దాకా సాగి ఉంటుంది. బండిని కొత్తగా కొన్నవాళ్లు దీన్ని సస్పెన్షన్ భాగం అనుకుంటారు. స్ప్రింగు ఉంది మరి!

తెలియని బ్రేక్ భాగాన్ని ఆకారం చూసి పోల్చుకోవడం కష్టం. దానికి ఏవేవి తగిలించి ఉన్నాయో చూడాలి. లోహపు పైపులు మాత్రమే ఉంటే అది పైపులు చీలే కూడలి కావచ్చు. లావుపాటి రబ్బరు గొట్టం ఇంజిన్ నుంచి వస్తే వాక్యూమ్ బూస్టర్. కొన్ని పెద్ద అమెరికన్ మోటార్ హోమ్‌లలో స్టీరింగ్ పంపు ఒత్తిడితో పనిచేసే బూస్టర్‌కు ఒక ఎలక్ట్రిక్ మోటారు తగిలించి ఉంటుంది. ఇంజిన్ ఆపేసి పెడల్ తొక్కితే రొద చేస్తుంది. స్టీరింగ్ పంపు ఆగిపోయినా బ్రేకుకు సాయం అందించడమే దాని పని.

బ్రేక్ పైపులూ ఇరుసుకు కలిపిన కడ్డీ రెండూ ఉన్నాయంటే మాత్రం అది బరువును బట్టి పనిచేసే వాల్వు. మన దగ్గర వ్యాన్ల మెకానిక్‌లు ఎల్‌ఎస్‌పీవీ అనేది దీన్నే. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరిగి వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు వాటికి పూర్తి ఒత్తిడి అందితే బిగుసుకుపోయి, బండి తోక పక్కకు తిరుగుతుంది. అందుకే ఖాళీ బండిలో వాల్వు వెనక బ్రేకుల ఒత్తిడిని తగ్గిస్తుంది. సరుకు ఎక్కి చాసిస్ కిందికి దిగితే కడ్డీ కదిలి, ఒత్తిడిని ఎక్కువగా వదులుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఈ వాల్వు బరువును తూచదు, ఎత్తును మాత్రమే గమనిస్తుంది. మంచం, బీరువాలు, ఫ్రిజ్, 100 లీటర్ల నీళ్లుంటే ఆ 100 కిలోలు: మోటార్ హోమ్ ఎప్పుడూ నిండు బండే. వెనక భాగం కుంగిపోతోందని యజమాని గాలి బెలూన్లు బిగిస్తే చాసిస్ పైకి లేస్తుంది, వాల్వు మాత్రం బండి ఖాళీ అయిందనుకుంటుంది. వెనక బ్రేకులు మెత్తబడతాయి, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. బెలూన్లు వేయించాక వాల్వును మళ్లీ సరిచేయించకపోవడం చిన్న అశ్రద్ధ కాదు.

యూరప్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల కడ్డీ కీలు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది కూడా. బండిని నేల మీదే నిలిపి, వెనక భాగాన్ని ఇద్దరు ఊపితే కడ్డీ కదలాలి. కదలకపోతే మెకానిక్ ప్రెషర్ గేజ్‌తో పరీక్షించాలి. కడ్డీని చేత్తో వంచితే సెట్టింగ్ చెడుతుంది.

మార్చాల్సి వస్తే, విప్పే ముందు ఫోటో తీసి, వైర్ బ్రష్‌తో రుద్ది దిమ్మ మీది నంబరు చూసుకోవాలి. దుకాణంలో బండి పక్కన రాసిన మోటార్ హోమ్ కంపెనీ పేరు చెబితే లాభం లేదు. ఆ కంపెనీ కట్టింది ఇంటిని, బ్రేకులు చాసిస్ తయారీదారువి. చాసిస్ నంబరే చెప్పాలి. ఏబీఎస్ ఉన్న కొత్త బండ్లలో చాలావాటికి ఈ దిమ్మ ఉండదు. ఒత్తిడిని పంచే పని ఎలక్ట్రానిక్ వ్యవస్థే చూసుకుంటుంది.