బ్యాంకాక్ మార్కెట్లో రొయ్య ఎక్కడ దాక్కుంటుంది? (ఫ్యామిలీ ట్రిప్ ఎపిసోడ్)

ఈ ఎపిసోడ్ బ్యాంకాక్ మార్కెట్ తిండి గురించి. మేం వెళ్లింది ఐదుగురం: అమ్మ, నాన్న, అమ్మమ్మ, తమ్ముడు, నేను. అమ్మమ్మ ప్యూర్ వెజ్. తమ్ముడికి రొయ్య పడదు. పడదంటే ఏదో దురద పుట్టి పోవడం కాదు, గొంతు వాచి ఊపిరి ఆడదు. అందుకే టికెట్లు బుక్ చేసినప్పటి నుంచీ ఇంట్లో ఒకటే గొడవ. కుక్కర్, పులిహోర పొడి పట్టుకెళ్దాం, బయట ఏదీ ముట్టొద్దు అని అమ్మ. అంత దూరం వెళ్లి రూమ్‌లో పులిహోరేంటి అని వాడు.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. మన కోస్తాలో వంకాయ కూరలో రొయ్యపొట్టు వేస్తే కంటికి కనిపిస్తుంది, వాసన వీధి చివరిదాకా వస్తుంది. అక్కడ అలా కాదు. రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి ముద్దగా నూరతారు, దాన్ని 'కపి' అంటారు. గ్రీన్ కర్రీ, రెడ్ కర్రీ మసాలా ముద్దల్లో మామూలుగా అది ఉంటుంది. గిన్నెలో కనిపించేది వంకాయ, కొబ్బరిపాలే. సోమ్ తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు వేసి దంచుతారు. వేయొద్దని చెప్పినా, రోలు అందరికీ ఒకటే కదా! ప్యాడ్ థాయ్ పెనం సంగతీ అంతే. అందుకే ఆ రెండూ తమ్ముడికి పూర్తిగా కట్.

మా రోజు ఇలా నడిచింది. పొద్దున్నే వాట్ ఫో. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, ఫోన్ ఫ్రేమ్‌లో పట్టడు, పాదాల వైపు నుంచి తీయండి. పక్కన వరసగా 108 కంచు గిన్నెలుంటాయి, ఒక్కో దాంట్లో ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్లాలి. అమ్మమ్మ ఒక్కటీ వదల్లేదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. తర్వాత పడవలో నది దాటి వాట్ అరుణ్. గోపురం నిండా పింగాణీ ముక్కలు. మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లని కిందే కూర్చోబెట్టండి. అక్కణ్ణుంచి బోట్‌లో వాంగ్ లాంగ్ మార్కెట్. ఇరుకు సందులు, రెండు వైపులా తిండే. నా లెక్కలో టూరిస్టుల నైట్ మార్కెట్ల కంటే ఇదే నయం.

తమ్ముడు ఏం తిన్నాడంటే, మామిడిపండుతో జిగురు బియ్యం. కొబ్బరిపాలు, చక్కెర, ఉప్పు, అంతే. నిప్పుల మీద కాల్చిన అరటిపండు. కోసిచ్చే పళ్ల బండి. కానీ ఒక దగ్గర జాగ్రత్త. ఖనోమ్ బువాంగ్ అని చిన్న కరకరలాడే అట్లుంటాయి, మడిచి ఇస్తారు. లోపల నారింజ రంగు పోగులుంటే అవి తియ్యటి గుడ్డు సొన పోగులు కావచ్చు, లేదా రొయ్య కలిపిన ఉప్పటి కొబ్బరి కావచ్చు. రెండూ ఒకే పళ్లెంలో పక్కపక్కనే! స్వీటే కదా అని నోట్లో వేసుకోకండి.

అడగడానికి మాటలు: 'ఫే కుంగ్' అంటే రొయ్య అలర్జీ. 'మై సై' అంటే వేయొద్దు. థాయ్‌లో పలికే తీరు మారితే అర్థమే మారిపోతుంది కాబట్టి నోటిని నమ్ముకోకండి. ట్రాన్స్‌లేట్ యాప్‌లో "రొయ్య, రొయ్య ముద్ద, ఎండు రొయ్య ఏదీ తినకూడదు, ప్రాణానికి ప్రమాదం" అని థాయ్‌లోకి మార్చి, స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. నెట్ లేకపోయినా పనికొస్తుంది. చూపించగానే ఒకావిడ తల అడ్డంగా ఊపి, పక్క బండి వైపు చెయ్యి చూపించింది. ఆ బేరం పోగొట్టుకున్నందుకు అమ్మ ఆవిడకి దణ్ణం పెట్టేసింది.

ఇంకో దారి 'జే' బోర్డు. పసుపు మీద ఎర్ర అక్షరాలు, దూరం నుంచి మన 17 అంకెలా కనిపిస్తాయి. అక్కడ మాంసం, చేప సాస్, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, కాబట్టి కార్తీక మాసంలో వెళ్లినా అమ్మమ్మకి ఇబ్బంది లేదు. మామూలు షాపులో 'వెజ్' అంటే చేప సాస్ రావచ్చు. పూర్తిగా జే షాపైతే అమ్మమ్మ, తమ్ముడు ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోవచ్చు.

మందులు రూమ్‌లో కాదు, డాక్టర్ రాసినవి ఎప్పుడూ జేబులోనే ఉండాలి. అక్కడి అంబులెన్స్ నంబర్ 1669, ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయండి. కుక్కర్ అంటారా, తీసుకెళ్లాం. రెండు రాత్రులు వాడాం, అది కూడా నాన్నకి పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టదని.