సాము, సంగీతం: ఆనేకల్ కరగ

నేటి నగరాల్లో సంగీతం ఒకచోట, ఆటలు మరొకచోట. పాటకు సభామందిరం, పందేనికి స్టేడియం, రెండింటికీ టికెట్టు. ఈ రెండూ ఒకే వినోదంగా ఉండే పద్ధతిని చూడాలంటే బెంగళూరుకు దక్షిణాన, తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న ఆనేకల్‌కు వెళ్ళాలి. పొరుగున హోసూరు. కన్నడం, తెలుగు, తమిళం మూడూ వినిపించే ప్రాంతమిది.

ముందుగా ఒక మాట గురించి. తెలుగులో ‘సాము గరిడీలు’ అంటాం. సాము అంటే కత్తి, కర్ర వంటివి పట్టి చేసే కసరత్తు. గరిడి అంటే దాన్ని నేర్చుకునే చోటు. కన్నడంలో ఇదే ‘గరడి’. గరడి ఉన్న ఇల్లు ‘గరడి మనె’. కనికట్టును తెలిపే ‘గారడి’ వేరు. విద్యార్థులు ఈ రెండింటినీ తరచు కలిపేస్తుంటారు.

గరిడికీ కరగకూ దగ్గరి సంబంధం ఉంది. కరగ ద్రౌపదీదేవి ఉత్సవం. బెంగళూరులో లాగే ఆనేకల్‌లోనూ ధర్మరాయస్వామి గుడి కేంద్రంగా చైత్రమాసంలో జరుగుతుంది. దీన్ని నడిపేవారు తిగళులు. తోటపని వారి కులవృత్తి. వారి ఇంటిభాష తమిళానికి చెందినదే అయినా అందులో కన్నడ, తెలుగు మాటలు బాగా కలిశాయి. తిమిరాసురుణ్ణి ఎదిరించడానికి ద్రౌపది వీరకుమారులనే సైన్యాన్ని సృష్టించిందని వారి కథ. ఉత్సవంలో ఒంటిపై చొక్కా లేకుండా కత్తులు పట్టి నడిచేవారు ఆ వీరకుమారులే. పూజారి స్త్రీవేషంలో, పూలతో అలంకరించిన కరగను తలపై మోస్తాడు. దాన్ని చేతితో తాకడు. వాద్యాలకు అనుగుణంగా అడుగులు వేస్తూ రాత్రంతా తిరుగుతాడు. అడుగు తడబడితే వీరకుమారుల కత్తులు ఆయన మీదికే లేస్తాయని నమ్మకం. కాబట్టి లయ ఇక్కడ చెవికి ఇంపు మాత్రమే కాదు, ఒంటికి ఆధారం కూడా. ఆ నిగ్రహం ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. దాని వెనుక వ్రతమూ సాధనా ఉన్నాయి.

ఇటువంటిదే మన చిత్తూరు ప్రాంతంలోనూ ఉంది. అక్కడి ధర్మరాజు గుళ్ళలో సాధారణంగా పద్దెనిమిది రోజులు భారతం జరుపుతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సు ఘట్టంలో వేషధారి పాడుతూ ఎత్తైన మాను ఎక్కుతాడు. చివర నేలమీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ తొడపై భీముడి వేషధారి గదతో కొడతాడు. ఆపైన అగ్నిగుండం. మాను ఎక్కుతూ పాడేవాణ్ణి గాయకుడనాలా, వ్యాయామవీరుడనాలా? చూసేవారికి ఆ ప్రశ్నే రాదు.

ఇప్పుడు ఆనేకల్ తాలూకాకు మరో తరహా వినోదం రాబోతున్నది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వద్ద క్రికెట్ విజయోత్సవంలో తొక్కిసలాట జరిగి 11 మంది మరణించారు. అదే ఏడాది ఆగస్టులో, ఈ తాలూకాలోని బొమ్మసంద్ర సూర్యనగర్‌లో 80,000 మంది పట్టే క్రికెట్ స్టేడియంతో క్రీడాప్రాంగణం కట్టే ప్రతిపాదనను కర్ణాటక ముఖ్యమంత్రి ఆమోదించారు.

స్టేడియం రావడం తప్పు కాదు. పెద్ద నగరానికి పెద్ద మైదానం అవసరమే. కాని స్టేడియం నిండాలంటే ప్రేక్షకులు చాలు. కరగ నడవాలంటే సాధన చేసే కుర్రవాళ్ళు, తాళం తప్పని వాద్యకారులు, వారికి నేర్పే పెద్దలు తరతరానా కావాలి. గరిడి మూతపడితే పోయేది ఒక గది మాత్రమే కాదు. పట్లు, అడుగులు, వాటి పేర్లు కూడా పోతాయి.

ఆ పేర్లలో తెలుగు మాటలెన్నో, కన్నడ మాటలెన్నో ఎవరైనా కూర్చుని రాసుకోవలసి ఉంది. ఆనేకల్, హోసూరు ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులు ఈ సెలవుల్లో మీ తాతగారినో, వీధిలోని పెద్దలనో అడిగి, సాముకు సంబంధించిన పది మాటలు రాసుకొని రండి. పదకోశానికి అది మంచి ఆరంభం అవుతుంది.